ఎవరో గొడుగు మర్చిపోయారు: ఒక రకం ఇంగ్లీషు ప్రశ్నల చరిత్ర

మన బడిలో చదివిన ఏ బ్యాచ్ వాళ్ళను అడిగినా రెన్ అండ్ మార్టిన్ అనే పేరు చెబుతారు. ఆరో తరగతిలో ఏబీసీడీలు మొదలుపెట్టి పదో తరగతికల్లా పాసివ్ వాయిస్ దాకా వెళ్ళిన తెలుగు మీడియం పిల్లలం మనం. ఆ పుస్తకం తరగతి మొత్తానికి ఒకటో రెండో ఉండేవి. దాన్ని మనం వ్యాకరణమని కాక చట్టమని నమ్మాం. పి.సి. రెన్ బొంబాయి ప్రాంతంలో విద్యాశాఖలో పనిచేసిన ఇంగ్లీషువాడు. 1924లో 'బో జెస్ట్' అనే సాహస నవల రాసి బాగా పేరు తెచ్చుకున్నది కూడా ఆయనే. ఆ సంగతి నాకు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో తెలిసి చాలా ఆశ్చర్యపోయాను. ఎడారి కోటలూ తుపాకులూ రాసిన చేతే మనకు ప్రోనౌన్లు నేర్పిందన్నమాట! తర్వాతి ముద్రణల మీద సవరించినవారుగా ఎన్.డి.వి. ప్రసాదరావు గారి పేరు ఉండేది. ఆ పేరు చూసి 'మనవాళ్ళే' అని మేము గర్వపడేవాళ్ళం.

సంచికలో బడి జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి నేను వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. నాలుగేళ్ళుగా మన సంఘం తరఫున ఇంటరు, డిగ్రీ పిల్లలకు ఆదివారం తరగతులు నడుపుతున్నాం. బ్యాంకు పరీక్షలకూ స్టాఫ్ సెలక్షన్ పరీక్షలకూ వెళ్ళే పిల్లలు వస్తారు. లెక్కలతో పాటు ఇంగ్లీషులో తప్పులు పట్టే ప్రశ్నలు కూడా నా వాటాకు వచ్చాయి. వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి ఏ, బీ, సీ, డీ అని పేర్లు పెడతారు. తప్పున్న ముక్క ఏదో చెప్పాలి. ఏ తప్పూ లేకపోతే 'నో ఎర్రర్' అనాలి. ఒక్క ప్రశ్నకు కొద్ది మార్కులే. ఆ కొద్ది మార్కుల మీద కొన్ని వందలమంది ఒకరి భుజం మీద ఒకరు నిలబడి ఉంటారు. అందుకే ఈ ప్రశ్నల పుట్టుపూర్వోత్తరాలు వెతకాలనిపించింది.

వెతకడానికి అసలు కారణం ఒక అమ్మాయి. 'ఎవ్రీ స్టూడెంట్ షుడ్ బ్రింగ్ దెయిర్ అంబ్రెల్లా' అనే వాక్యంలో 'దెయిర్' తప్పు, 'హిజ్' అనాలి అని గైడులో ఉంది. గైడులో ఉన్నదే నేనూ చెప్పాను. ఆ పిల్ల లేచి, "ఈ రోజు క్లాసులో అందరం ఆడపిల్లలమే కదా సార్, హిజ్ అని ఎందుకు రాయాలి?" అంది. తరగతి అంతా నవ్వారు. నిజమే, ఆ రోజు మగపిల్లలంతా ఏదో టోర్నమెంటుకు పోయారు. 'పరీక్షలో అలాగే అడుగుతారమ్మా' అనడం మాస్టార్ల మర్యాద కాదు. ప్రశ్నకు జవాబు ఇవ్వాలి.

జవాబు కోసం పోతే దారి ఇంగ్లండులోని న్యూకాసిల్ దాకా పోయింది. 18వ శతాబ్దం మధ్యలో అక్కడ ఆన్ ఫిషర్ అనే ఆవిడ బడి నడిపింది, వ్యాకరణం రాసింది. ఆ రోజుల్లో ఒక స్త్రీ వ్యాకరణం రాసి అచ్చు వేయించడం చిన్న విషయం కాదు. ఆ పుస్తకం చాలాసార్లు మళ్ళీ మళ్ళీ అచ్చయింది. మన కథకు సంబంధించినవి ఆవిడ పుస్తకంలో రెండున్నాయి. మొదటిది, ఆడా మగా ఎవరైనా కావచ్చు అన్నచోట పురుషవాచకమే ఇద్దరికీ చెల్లుతుందన్న మాట. రెండోది, కావాలని తప్పు ఇంగ్లీషు రాసి పిల్లల చేత దిద్దించే అభ్యాసాలు. అలాంటి అభ్యాసాలు పెట్టిన తొలివాళ్ళలో ఆవిడ ఒకరు. అంటే ఆదివారం తరగతిలో మమ్మల్ని ఇరకాటంలో పెట్టిన నియమమూ ఆ ప్రశ్న రూపమూ ఒకే బడి పంతులమ్మ పుస్తకంలో కనిపిస్తాయి. ఇంత చక్కని యాదృచ్ఛికం నేను కల్పించాలన్నా కల్పించలేను.

ఆ తర్వాత 1795లో లిండ్లీ మర్రే వచ్చాడు. అమెరికాలో వకీలుగా చేసి, ఇంగ్లండులోని యార్కులో స్థిరపడిన పెద్దమనిషి. యార్కులోని ఒక ఆడపిల్లల బడి పంతులమ్మలు అడిగితే వాళ్ళ కోసం వ్యాకరణం రాశాడు. అది రెండు దేశాల్లోనూ లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. తప్పు వాక్యాలిచ్చి దిద్దమనే అభ్యాసాలతో ప్రత్యేకంగా ఇంకో పుస్తకం కూడా వేశాడు. ఆడపిల్లల కోసం రాసిన పుస్తకాల ద్వారానే 'హి' రాజ్యం విస్తరించిందన్నది గమనించాలి.

వ్యాకరణం నుంచి ఆ మాట చట్టంలోకి పోయింది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం చట్టాల్లో పురుషవాచకం ఉంటే అందులో స్త్రీలు కూడా ఉన్నట్టే లెక్క. కాగితం ఆదా అవుతుందన్నది ఉద్దేశం. మరి పదిహేడేళ్ళకు ఓటు హక్కు చట్టం వచ్చి, అందులో 'మ్యాన్' అని రాస్తే, మాంచెస్టర్‌లో ఐదు వేలమందికి పైగా మహిళలు 'మ్యాన్ అంటే మేమూ కదా, 1850 చట్టం చెప్పింది కదా' అని ఓటర్ల జాబితాలో చేరడానికి వెళ్ళారు. 1868లో కోర్టు కుదరదంది. పన్నులకూ శిక్షలకూ ఆ 'హి'లో స్త్రీలు కలిసే ఉన్నారు. ఓటు దగ్గరికొచ్చేసరికి బయటికి పోయారు. ఈ కథ చెప్పినప్పుడు మా తరగతిలో ఎవరూ నవ్వలేదు.

మన దేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షను ఇప్పటికీ అమల్లో ఉంది. పురుషవాచకాలు స్త్రీలకూ వర్తిస్తాయి, ఏకవచనం బహువచనానికీ వర్తిస్తుంది అని దాని సారం. టెండరు పత్రాలు చూసే నా తోటి ఇంజనీర్లకు ఈ వాక్యం కంఠతా వచ్చు. అయితే మా వృత్తిలో 'హి' వల్ల వచ్చే అసలు చిక్కు ఆడా మగా అన్నది కాదు. ఒక పనిలో కాంట్రాక్టు షరతు ఇలా ఉంది: 'ది ఇంజనీర్ షల్ ఇన్ఫామ్ ద కాంట్రాక్టర్ అండ్ హి షల్ అరేంజ్ ద టెస్ట్.' పరీక్ష ఎవరు ఏర్పాటు చేయాలి? ఆ 'హి' ఇంజనీరని కాంట్రాక్టరు, కాంట్రాక్టరని ఇంజనీరు ఉత్తరాలు రాసుకున్నారు. పైపుల పీడన పరీక్ష మూడు వారాలు ఆగింది. షరతులు రాసిన కన్సల్టెంటును అడిగితే 'అర్థం అవుతూనే ఉంది కదా' అన్నాడు. ఎవరికి వాళ్ళకు అర్థమవుతూనే ఉంది, అదే చిక్కు.

ఇక మన తెలుగు సంగతి. చీకట్లో తలుపు చప్పుడైతే మనం 'ఎవరో వచ్చారు' అంటాం. వచ్చింది ఒక్కరే అని తెలిసినా అంతే. ఆడో మగో తెలియదు కాబట్టి బహువచనం వాడేస్తాం. 'ఎవరో గొడుగు మర్చిపోయారు', 'ప్రతి ఒక్కరూ తమ గొడుగు తెచ్చుకోవాలి' అన్న మాటల్లో ఎవరికీ ఏ ఇబ్బందీ కనిపించదు. 'ఎవడో' అనో 'ఎవతో' అనో అంటే కొట్లాట మాట. కాబట్టి 'సంబడీ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా' అని రాసిన తెలుగు మీడియం పిల్ల తన భాషలోని న్యాయాన్నే ఇంగ్లీషులో రాసింది. చిత్రం ఏమిటంటే ఇంగ్లీషుకూ అది పరాయి న్యాయం కాదు. ఒక్క మనిషికి 'దే' వాడటం 14వ శతాబ్దం నుంచీ రాతల్లో దొరుకుతోంది. షేక్స్‌పియర్ వాడాడు, జేన్ ఆస్టిన్ వాడింది. 'యూ' కూడా ఒకప్పుడు బహువచనమే. 'దౌ' అనే ఏకవచనం వెనక్కి పోయి, మన 'మీరు' లాంటి 'యూ' అందరికీ నిలిచింది. 2019లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన రచనా నియమావళిలో ఏకవచన 'దే'ను ఆమోదించింది. అదే ఏడాది మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్ళు దాన్నే ఆ సంవత్సరపు మాటగా ఎంచారు.

మన భాషలో అంతా సవ్యంగా ఉందని దీని అర్థం కాదు. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. ముగ్గురికీ ఒకే క్రియ. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో మహద్వాచకాలు, అమహద్వాచకాలు అని విడదీసినప్పటికే ఇది పాత సంగతి. ఆడవాళ్ళు ఒక్కరైతే ఆవుతోనూ, నలుగురైతే మగవాళ్ళతోనూ కలుస్తారు. ఈ ముచ్చట తెలుగు మాస్టార్లు ఎవరైనా విడిగా రాస్తే బాగుంటుంది.

మళ్ళీ పరీక్షలకు వద్దాం. తప్పులు దిద్దే అభ్యాసం ఫిషర్ నాటిదే అయినా, తప్పు ఎక్కడుందో గుర్తు పెడితే చాలనే పద్ధతి 20వ శతాబ్దపు అమెరికా సరుకు. దిద్దించడం ఖరీదు. గుర్తు పెట్టించడం చవక. మొదటి ఎస్ఏటీ 1926లో జరిగింది. అప్పట్లో పేపర్లు చేతితో దిద్దేవారు. మిషిగన్ రాష్ట్రంలో ఐరన్‌వుడ్ అనే ఊళ్ళో రెనాల్డ్ జాన్సన్ అనే హైస్కూలు సైన్సు మాస్టారు ఆ చాకిరీ తప్పించే యంత్రం కనిపెట్టాడు. పెన్సిలు గీతలోని గ్రాఫైటు గుండా కరెంటు పోతుంది. సరైన చోట గీత ఉంటే సర్క్యూటు కలుస్తుంది, లెక్క పడుతుంది. అంతే. చిన్నప్పుడు అక్కల కోసం వచ్చే కుర్రాళ్ళ కార్లలో స్పార్కు ప్లగ్గుల మీద పెన్సిలు గీతలు గీసి కార్లు కదలకుండా చేసేవాడని, ఆ అల్లరిలోనే ఈ ఊహ పుట్టిందని చెబుతారు. ఐబీఎం కంపెనీ ఆయన్ని పనిలో పెట్టుకుని 1930ల చివర ఆ యంత్రాన్ని 805 అనే పేరుతో అమ్మింది. కంప్యూటర్లకు హార్డ్ డిస్కు తయారుచేసిన బృందానికి తర్వాత నాయకత్వం వహించింది కూడా ఆయనే. సైన్సు మాస్టార్లందరూ ఈ పేరా చదవాలని నా కోరిక.

యంత్రం దిద్దగలిగింది కాబట్టి అలాంటి ప్రశ్నలు పెరిగాయి. 1964లో వచ్చిన టోఫెల్‌లో ఇవి చాలాకాలం ఉన్నాయి. మా ఇంజనీరింగ్ మిత్రులు అమెరికా వెళ్ళే రోజుల్లో ఆ భాగంలో 25 నిమిషాలు, 40 ప్రశ్నలు. మన జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు మాట్లాడే ఇంగ్లీషు ఎలా ఉన్నా ఈ భాగంలో మాత్రం దుమ్ము దులిపేవారు. అది రెన్ అండ్ మార్టిన్ పుణ్యం. 2005లో ఇంటర్నెట్ టోఫెల్ వచ్చినప్పుడు ఈ భాగాన్ని తీసేసి మాట్లాడే పరీక్ష పెట్టారు. మనవాళ్ళకు ఎక్కడ నొప్పో అక్కడే నొక్కారన్నమాట.

ఈ ప్రశ్నల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద గొడవ 2002 అక్టోబరులో జరిగింది. పీఎస్ఏటీ అని అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసే పరీక్ష ఉంది. దాని మార్కుల మీదే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్పులు ఆధారపడతాయి. ఆ స్కాలర్‌షిప్పుల్లో ఆడపిల్లలకు అన్యాయం జరుగుతోందని ఫిర్యాదు వస్తే, రాజీగా 1997 నుంచి ఆ పరీక్షలో రచనా నైపుణ్యం భాగం చేర్చారు. అందులో తప్పులు పట్టే ప్రశ్నలు కూడా ఉండేవి. 2002లో ఒక ప్రశ్న నోబెల్ బహుమతి పొందిన నల్లజాతి రచయిత్రి టోనీ మారిసన్ గురించి. 'టోనీ మారిసన్స్ జీనియస్' ఆమె చేత ఫలానా రకం నవలలు రాయిస్తోందని దాని భావం. 'ఆమె' అన్నచోట 'హర్' అని ఉంది. బోర్డు జవాబు 'నో ఎర్రర్'.

మేరీలాండ్‌లో ఒక హైస్కూలు మాస్టారు ఒప్పుకోలేదు. ప్రోనౌన్ ఒక నౌన్‌ను సూచించాలి, 'మారిసన్స్' అన్నది ఇక్కడ విశేషణం పనిచేస్తోంది, కాబట్టి 'హర్'కు ఆధారం లేదు, తప్పు ఉన్నట్టే అని ఆయన వాదన. కొన్ని వ్యాకరణ పుస్తకాల్లో అలాంటి నియమం నిజంగానే ఉంది. పరీక్ష సంస్థ మొదట కొట్టేసింది. ఆయన వదల్లేదు, నెలల తరబడి పుస్తకాలు చూపిస్తూ ఉత్తరాలు రాశాడు. చివరికి నిపుణులతో చూపించి, 2003 వసంతంలో ఆ ప్రశ్నను రద్దు చేసి, పిల్లల మార్కులు మళ్ళీ లెక్కగట్టారు.

కథ ఇక్కడ ఆగితే 'మాస్టారు గెలిచాడు' అనొచ్చు. కానీ భాషాశాస్త్రవేత్తలు గోల పెట్టారు. ఆర్నాల్డ్ జ్విక్కీ లాంటివాళ్ళు ఆ నియమమే బూటకమన్నారు. మంచి రచయితలందరూ, ఆ నియమం రాసినవాళ్ళు కూడా, దాన్ని మీరుతూనే ఉన్నారని చూపించారు. నా ఓటు వాళ్ళకే. 'సీత తెలివే ఆమెను గట్టెక్కించింది' అంటే 'ఆమె' ఎవరని అడిగేవాడు వాదన కోసం అడిగేవాడే. కానీ 'సీత వాళ్ళమ్మ ఆమె చీర ఇచ్చింది' అని ఇంగ్లీషులో చెబితే చీర ఎవరిదో నిజంగానే తెలియదు. తెలుగులో 'తన చీర' అంటే వాళ్ళమ్మది అని తేలిపోతుంది. ఆ 'తన' లేకపోవడం ఇంగ్లీషుకు ఉన్న అసలు లోటు. మొదటి వాక్యానికి మార్కు తీసేసి రెండోదాన్ని వదిలేసే పరీక్ష భాషను పరీక్షిస్తున్నట్టు కాదు. అయినా ఒక బడి మాస్టారు ఉత్తరాలతో అంత పెద్ద సంస్థ లెక్క మార్చుకుందన్నది నాకు నచ్చింది. మన పరీక్షల్లో కీ మీద అభ్యంతరం పెట్టే పిల్లలకు ఈ కథ చెబుతుంటాను.

పోలికల ప్రశ్నల దారి వేరు. 'ద ఎఫిషియెన్సీ ఆఫ్ ద న్యూ పంప్ ఈజ్ హయ్యర్ దాన్ ద ఓల్డ్ పంప్' అనే వాక్యం చూడండి. కొత్త పంపు సామర్థ్యాన్ని పాత పంపుతో పోల్చింది. సామర్థ్యం శాతాల్లో ఉంటుంది, పంపు టన్నుల్లో ఉంటుంది. రెండింటికీ పోలికేమిటి? సమీకరణానికి రెండు వైపులా ప్రమాణాలు కలవాలని భౌతికశాస్త్రంలో మొదట నేర్పేది ఇదే. ఇది ఏ పంతులో పెట్టిన మర్యాద కాదు. పోలిక అనే మాటలోనే ఉన్న షరతు. అందుకే ఈ రకం ప్రశ్నలంటే నాకు గౌరవం.

మనమూ నోటిమాటగా 'మా బావి నీళ్ళు మీ బావికంటే తియ్యన' అంటాం. నీళ్ళను బావితో పోల్చామని ఎవరూ తప్పు పట్టరు. రాసేటప్పుడు మాత్రం 'మీ బావి నీళ్ళకంటే' అని నామవాచకం మళ్ళీ రాస్తాం. తెలుగుకు ఆ పునరుక్తి బరువు కాదు. ఇంగ్లీషుకు బరువు. అందుకని ఆ మాట బదులు 'దట్' గానీ 'దోజ్' గానీ పెడుతుంది. మా పిల్లలకు ఇదే కిటుకు చెబుతాను. ముందు తెలుగులోలా నామవాచకం రెండోసారి రాయండి. అది ఏకవచనమైతే 'దట్ ఆఫ్', బహువచనమైతే 'దోజ్ ఆఫ్' పెట్టండి. 'విజయవాడ వీధులు' అంటే 'దోజ్', 'విజయవాడ ఎండ' అంటే 'దట్'. పోలిక ప్రశ్న కడుపులో ప్రోనౌన్ ప్రశ్న దాక్కుని ఉంటుందని వాళ్ళకు అప్పుడు అర్థమవుతుంది.

'ఎనీ అదర్' కూడా ఇంతే. దక్షిణ భారతంలో ఏ నదికన్నా గోదావరి పొడవు అంటే, గోదావరి కూడా దక్షిణ భారత నదే కాబట్టి తనకన్నా తాను పొడవైపోతుంది. తెలుగులో 'మరే నదికన్నా' అంటే సరిపోతుంది. ఆ 'మరే'యే ఇంగ్లీషులో 'అదర్'. అదే గంగతో పోలిస్తే 'అదర్' అక్కర్లేదు, గంగ ఎలాగూ ఆ జాబితాలో లేదు. సెట్లు చదివిన పిల్లలు దీన్ని గైడు చదివిన పిల్లలకన్నా తొందరగా పట్టుకుంటారు.

ఎంబీయే చదువుకు రాసే జీమ్యాట్‌లో ఈ రెండు రకాలకూ పుట్టిల్లు లాంటి సెంటెన్స్ కరెక్షన్ భాగం 2023 చివర వచ్చిన కొత్త పరీక్షలో లేదు. మన బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షల్లో తప్పులు పట్టడం ఇంకా ఉంది. అందుకే ఈ ఏడాది బ్యాచ్ కోసం మేం నలుగురం కూర్చుని పాత మోడల్ పేపర్లన్నీ తిరగేశాం. 'ఎవ్రీవన్, హిజ్' రకం ప్రశ్నల మీద మాలో మాకే తగువు వచ్చింది. పరీక్షలో రావచ్చు కాబట్టి ఉంచాలని బ్యాంకులో రిటైరైన మా సీనియర్ గారు, తప్పు కానిదాన్ని తప్పని నేర్పకూడదని నేను. చివరికి ఉంచాం, కానీ పక్కన 'పాత నియమం' అని గుర్తు పెట్టి. 'హిజ్ ఆర్ హర్' అని రెండూ రాసిన ఆప్షన్ ఉంటే దాన్ని ఎంచుకోమని, లేకపోతే గైడు చెప్పింది గుర్తు పెట్టి ముందుకు పొమ్మని రాశాం. మారిసన్ రకం ప్రశ్నలు రెండు పూర్తిగా తీసేశాం. పోలికల ప్రశ్నలు పన్నెండు నుంచి ఇరవైకి పెంచాం.

ఆ ఇరవైలో ఎనిమిది నేను రాసినవే, అన్నీ పంపులూ పైపులూ కాంక్రీటూ. పిల్లలు విసుక్కుంటున్నారు. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లున్నారు, వ్యవసాయం చేసేవాళ్ళున్నారు, కోర్టు పని తెలిసినవాళ్ళున్నారు, ఇంగ్లీషు చెప్పిన టీచర్లు పదిమందికి పైగా ఉన్నారు. తలా నాలుగు వాక్యాలు రాసి సంఘం ఆఫీసుకు పంపండి. జవాబుతో పాటు అది ఎందుకు తప్పో ఒక్క వాక్యం తెలుగులో రాయండి. కారణం రాయలేని ప్రశ్నను మాత్రం పంపవద్దు.